మంచం కింద ఎంతమంది పడతారు?

(కడపలో ఒక ఆదివారం సాయంత్రం నాటకాభిమానుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

పెద్దలకు నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడతా ఉందా? ఈ మైకు నాకంటే ముసలిది, మధ్యమధ్యలో దగ్గుతుంది. సర్దుకోండి.

నన్ను పిలిచినవాళ్లు హాస్యం మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయం నాకు చేతకాదు, ఒక మంచం గురించి మాట్లాడతా అన్నా. సరేనన్నారు గానీ, ఈయనకు వయసు మీద పడిందేమో అన్నట్టు చూసినారు. ఆ మంచం మీకందరికీ తెలిసిందే. విజయనగరంలో మధురవాణి అనే సాని ఇంట్లో ఉండే మంచం. గురజాడ 'కన్యాశుల్కం' మొదటి అంకం.

ఒకసారి గుర్తు చేసుకుందాం. మధురవాణిని తన దగ్గర పెట్టుకుందామని రామప్పంతులు బేరం మాట్లాడతా ఉంటాడు. బయట గిరీశం గొంతు వినపడుతుంది. పంతులు ఊర్లో పెద్దమనిషి. పెద్దమనిషి ఇట్లాంటి ఇంట్లో ఎదురుపడితే పరువేం కావాల? మంచం కింద దూరుతాడు. గిరీశం లోపలికొచ్చి కోతలు కోస్తా ఉంటే ఈసారి పూటకూళ్లమ్మ గొంతు. సరుకులు తెస్తానని ఆమె దగ్గర డబ్బు తీసుకుని ఈ ఇంట్లో ఖర్చు పెట్టిన ఘనుడు గిరీశం. ఆమె చేతిలో చీపురుకట్ట ఉంది, మన భాషలో పొరక. ఇంగ గిరీశం గూడా అదే మంచం కిందికి! కింద ఇద్దరు పెద్దమనుషులు, పైన ఏమీ ఎరగనట్టు మధురవాణి, ఎదురుగా పొరక. ఆ పొరక వచ్చింది గిరీశం కోసం. పడింది రామప్పంతులు మీద.

దీన్నే ఫార్సు అంటారు. మన పెద్దలు ప్రహసనం అన్నారు. జనం 'కామిడీ' అంటారు, అందులో కొంచెం చిన్నచూపు గూడా ఉంటుంది. కన్యాశుల్కం మీద రాసినవాళ్లు సంఘ సంస్కరణ గురించి, భాష గురించి, మధురవాణి మనసు గురించి పేజీలు పేజీలు రాసినారు. మంచం రంగం దగ్గరికి వచ్చేసరికి ఇది నేల టికెట్టువాళ్ల కోసం పెట్టిందిలే అని దాటుకుని పోతారు. నా మాట వేరే. ఆ నాటకం నిలబడింది ఆ మంచం కోళ్ల మీదనే.

ఫార్సు అనే మాట ఎక్కడిదో చెప్తా. లాటిన్‌లో కూరడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. ఫ్రెంచివాళ్ల వంటింట్లో ఇప్పటికీ ఆ మాట ఉంది, లోపల కూరే మసాలాకు అదే పేరు. ఐరోపాలో పాతకాలంలో దేవుడి కథలు ఆడేటప్పుడు జనం కునికిపాట్లు పడకుండా మధ్యలో కూరిన మోటు హాస్యానికి ఆ పేరు పెట్టినారు. మనకింత వివరం అవసరం లేదు. గుత్తొంకాయ తెలిసినవాడికి ఫార్సు తెలుసు. వంకాయ భక్తి, లోపల కూరిన కారం ఫార్సు. నిజం చెప్పండి, గుత్తొంకాయ కూరలో మీరు దేనికోసం చెయ్యి పెడతారు?

మనకు ఆ కారం పేరు కేతిగాడు. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాట రాత్రంతా నడిచేది. తెల్లగుడ్డ వెనక దీపం, ఆ గుడ్డ మీద రాముడు, సీత, పది తలల రావణుడు. రాముడు ధర్మం చెప్పేటప్పటికి మా పిల్లోళ్లమంతా దుప్పట్లో ముడుచుకుని నిద్రపోయేవాళ్లం. అప్పుడు దభీమని జుట్టుపోలిగాడు దూకేవాడు. వెనకనే బంగారక్క తిట్లు, కేతిగాడి వంకర మాటలు. లంకకూ వాళ్లకూ ఏం సంబంధం? ఏమీ లేదు. వాళ్లు మన ఊరోళ్లు, రామాయణంలోకి దారితప్పి వచ్చినట్టుంటారు. కొన్ని మాటలు వచ్చినప్పుడు మా జేజి నా చెవులు మూసేది. ఒక చేత్తోనే మూసేది. రెండో చెయ్యి తన నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేదానికి కావాల గదా!

అట్లని మన సీమ నాటకానికి హాస్యం వల్ల పేరొచ్చిందా అంటే, లేదు. మన పెద్దలకు గంభీరమంటే గౌరవం. ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో సభ పెట్టి 'విషాద సారంగధర' రాసినాడు, తెలుగులో మొదటి విషాదాంత నాటకమని పేరు. కోలాచలం శ్రీనివాసరావు విజయనగర సామ్రాజ్యం కూలిపోవడాన్ని నాటకం చేసినాడు. దత్త మండలాలవాళ్లం, కరువు చూసినవాళ్లం, ఏడుపు మనకు బాగా వచ్చు. ఏడిపించినవాడికి మహానటుడని శాలువా, నవ్వించినవాడికి 'బలే చేసినావబ్బీ' అని భుజం మీద ఒక దెబ్బ. శాలువా అందుకున్న చేతులే, దెబ్బ తిన్న భుజమే, నేను రెండూ చూసినా. రెండోదే కష్టం.

భరతుడికి ఈ చిన్నచూపు లేదు. ఆయన చెప్పిన పది రూపకాల్లో ప్రహసనం ఒకటి, మళ్లీ దాంట్లో శుద్ధం, సంకీర్ణం అని రెండు రకాలు. రాజులు గూడా రాసినారు. మన ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో రేనాటి చోళుడు ధనంజయుడు తెలుగు శాసనం వేయించింది 575 ప్రాంతంలో అంటారు. ఆ తర్వాత ఒక తరానికి, కంచిలో పల్లవ రాజు మహేంద్రవర్మ 'మత్తవిలాస ప్రహసనం' రాసినాడు. కథ ఏమిటంటే, ఒక కాపాలికుడు తాగి తన భిక్షాపాత్ర పోగొట్టుకుంటాడు. అది మామూలు పాత్ర కాదు, పుర్రె. అది లేకపోతే ఆయన కాపాలికుడే కాదు. దోవన పోయే బౌద్ధ భిక్షువును పట్టుకుని నువ్వే దొంగవంటాడు. తగువు, మధ్యవర్తి, గోల. చివరికి తేలింది ఏమిటయ్యా అంటే, పుర్రెలో మాంసం ముక్క ఉంటే కుక్క ఎత్తుకుపోయింది, కుక్క దగ్గర నుంచి ఒక పిచ్చోడు లాక్కున్నాడు. పుర్రె పిచ్చోడి చేతిలో భద్రంగా ఉంది, మతాలు రోడ్డు మీద జుట్లు పట్టుకున్నాయి. రాజు రాసినాడండీ ఇది. దీన్ని గుర్తు పెట్టుకోండి, ఆ పుర్రె మళ్లీ వస్తుంది.

ఇప్పుడు తలుపుల సంగతి. ఐరోపా ఫార్సంతా తలుపుల మీద నడుస్తుంది. ఒకడు ఈ తలుపులో నుంచి పోతే, వాడు ఎవరికైతే కనపడకూడదో ఆమె ఆ తలుపులో నుంచి వస్తుంది. జార్జ్ ఫెయ్‌డో అని ఫ్రెంచి నాటకకర్త, ఈ విద్యలో గడియారం బాగు చేసేవాడంత నేర్పరి. 1907లో పారిస్‌లో ఆడిన ఆయన నాటకంలో ఒక హోటలు గది ఉంది. మీట నొక్కితే మంచం గోడతో పాటు గిర్రున తిరుగుతుంది. ఇక్కడి మంచం అటు పోతుంది, అటువైపు మంచం మీద పడుకున్న కీళ్లనొప్పుల ముసలాయన ఇటు వస్తాడు. తనిఖీకి వచ్చినవాళ్లకు ముసలాయన కనపడతాడన్న మాట!

మన స్టేజీకి తలుపులెక్కడివి? సురభి నాటక సమాజాల వాళ్ల రంగం గుర్తు చేసుకోండి. రంగులేసిన పరదాలు, పక్కల వింగులు. పరదాను దభాలున వేయలేము, గడియ పెట్టలేము, దాని వెనక దాక్కుంటే కాళ్లు కనపడతాయి. మన ఇండ్లు గూడా అంతే. మా పల్లెలో మట్టిమిద్దె, ఒకటే వాకిలి, అది గూడా తల వంచుకుని దూరాల. పైన గవాక్షి. లోపల ఏం జరిగినా గవాక్షిలో నుంచి పక్కింటి పిల్లోడు చూస్తానే ఉంటాడు. ఇంగ రహస్యమెక్కడ? అందుకని మన ఫార్సు తలుపు వదిలేసి సామాను పట్టుకుంది. గాదె వెనక, అటక మీద, దుప్పటి కింద. అన్నింటికంటే రాజు మంచం. ఫెయ్‌డోది యంత్రం మంచం, గురజాడది మామూలు మంచం. మనం చదివే కన్యాశుల్కం పాఠం, ఆయన పెంచి రాసింది, 1909 నాటిది. రెండేండ్ల తేడాలో పారిస్‌లో ఒక మంచం, ఇక్కడ ఒక మంచం. ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశం లేదు. పరువున్న మగవాడికి ఎక్కడైనా మంచమే దిక్కు.

నా సొంత అవమానం ఒకటి చెప్పుకోవాల ఇక్కడ. డిగ్రీ చదివే రోజుల్లో మేము ఈ రంగం వేసినాం. నేను రామప్పంతులు. మమ్మల్ని తయారు చేసింది మా తెలుగు మాస్టరు, చాలా కోపిష్టి. మంచం కావాలంటే, మేమున్న అద్దె ఇంటామె తన నులక మంచం ఇచ్చింది. రిహార్సలు మాత్రం బెంచీతో చేసినాం, మంచం ఆటరోజే వచ్చింది. అదీ మా తెలివి. నేను దూరినా. నులక వదులైపోయి ఉంది. దాని మీద మధురవాణి కూర్చుంది, అంటే మా క్లాసు పిల్లోడే, దిట్టమైన మనిషి, కోక కట్టినాడు. నులక దిగి నా వీపును నేలకు అదిమేసింది. ఇంతలో గిరీశం వచ్చి దూరబోతే సగమే పట్టినాడు. నడుము లోపల, కాళ్లు జనంలో. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయినా. మంచం మొత్తం కదులుతా ఉంది. గిరీశానికీ నవ్వే.

జనం ఏం చేసినారనుకుంటున్నారు? మొదటి రెండు క్షణాలు నవ్వినారు. తర్వాత ఆపేసినారు. ఒక్కసారిగా చప్పగా అయిపోయింది. పూటకూళ్లమ్మ వచ్చి పొరకతో కొడితే చప్పుడు తప్ప ఏమీ లేదు. తెర పడినాక మాస్టరు లోపలికొచ్చి, "ఒరేయ్, నీకు నవ్వొస్తే వాళ్లకెందుకు రావాల? మంచం కింద ఉన్నోడికి ప్రాణం పోతా ఉండాల" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి.

నలభై ఏండ్లుగా ఆ మాట నమిలినా. ఫార్సులో ఒక్క పాత్రకు గూడా నవ్వు రాదు. వాళ్లకు చెమట పడుతుంది. మామూలు హాస్య నాటకంలో చమత్కారి ఉంటాడు, తన మాటకు తానే మురుస్తాడు, మనం వాడితో కలిసి నవ్వుతాం. ఫార్సులో అట్ల కాదు. రామప్పంతులుకు అది చావుబతుకుల సమస్య. బయటపడితే నలుగురిలో తల ఎత్తలేడు. ఆ భయం నటుడి కళ్లల్లో ఉన్నంతసేపే పొరక దెబ్బకు విలువ. పరువు పోతుందన్న భయం లేని మనిషిని మంచం కింద పెట్టి చూడండి, వాడు మంచం కింద పడుకున్నాడు, అంతే.

రెండోది లెక్క. ఈ రంగం దర్శకత్వం చేసే పిల్లలకు నేను ఒక కాగితం ఇస్తా. ఎవరికి ఏం తెలుసు, ఎవరికి ఏం తెలియదు, రాసుకోండిరా అని. మంచం కింద ఎవరున్నారో మధురవాణికి తెలుసు. గిరీశానికి పంతులున్నట్టు దూరేదాకా తెలియదు. పూటకూళ్లమ్మకు ఇద్దరున్నట్టు తెలియదు. జనానికి అంతా తెలుసు. అందరికంటే ఎక్కువ తెలిసింది జనానికి, అందరికంటే తక్కువ తెలిసింది చేతిలో ఆయుధం ఉన్నవాళ్లకు. ఈ కొలత ఒక్కటి తప్పితే రంగం పోతుంది. పొరక గూడా అంతే. మూడు దెబ్బలు చాలు. మా ఊర్లో ఒకాయన ఏడెనిమిది కొట్టించేవాడు. నాలుగో దెబ్బకు జనానికి పంతులు మీద జాలి పుడుతుంది, ఇంగ ఏముంది?

ఇప్పుడు ఆ పుర్రె సంగతికి వస్తా. ఫార్సులో ఒక వస్తువు చేతులు మారతా ఉండాల. కన్యాశుల్కంలో అది కంటె. మధురవాణి కంటె. ముసలి లుబ్ధావధాన్లుకు పెండ్లికూతుర్ని అమ్మేదానికి గుంటూరు శాస్త్రులు వేషంలో కరటకశాస్త్రి వస్తాడు. ఆ పిల్ల మెడలో వేసేదానికని రామప్పంతులు మధురవాణి కంటె అడిగి తీసుకుపోతాడు. పెండ్లి అవుతుంది, పిల్ల మాయమవుతుంది, కంటె మాయమవుతుంది. కంటె తెస్తేనే లోపలికి రా అని మధురవాణి. పంతులు ఇటు కంటె పోగొట్టుకుని, అటు మనిషిని పోగొట్టుకునేట్టున్నాడు. పుర్రె లేని కాపాలికుడు, కంటె లేని పంతులు. పోయిన వస్తువు ఎక్కడుందో మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. పదమూడు వందల ఏండ్లయినా కీలు మారలేదు.

పంతులు చేస్తున్నది ఏమిటి? అందరినీ మోసం చేస్తున్నా అనుకుంటాడు. నిజానికి ఆయన్నే ఆడిస్తున్నారు. మోసగాడే మోసపోయే ఈ కథ పాతది. పదిహేనో శతాబ్దపు ఫ్రెంచి ఫార్సు ఒకటుంది, పతలాఁ అనే వకీలుది. గొర్రెలు చంపినందుకు ఒక కాపరి మీద కేసు పడుతుంది. కోర్టులో ఏం అడిగినా 'బ్యా' అను, పిచ్చోడని వదిలేస్తారు అని వకీలు నేర్పిస్తాడు. కాపరి అట్లనే అంటాడు, కేసు గెలుస్తాడు. బయటికొచ్చినాక వకీలు ఫీజు అడుగుతాడు. కాపరి ఏమన్నాడు? ఆఁ, అదే! కోర్టు వాయిదాలు తెలిసిన ఊరు మనది, మీకు నేను విడమర్చి చెప్పాలా?

ఇంగ పెండ్లికూతురు దగ్గరికి వద్దాం. అసలు కారం అక్కడుంది. లుబ్ధావధాన్లు డబ్బిచ్చి కొనుక్కున్న పిల్ల పిల్ల కాదు, కరటకశాస్త్రి శిష్యుడు. మగపిల్లోడు. ముసలాయన తాళి కట్టింది మగపిల్లోడికి.

1892లో కన్యాశుల్కం విజయనగరంలో మొదటిసారి ఆడినారు. అదే ఏడాది ఇంగ్లండులో 'చార్లీస్ ఆంట్' అని ఒక ఫార్సు మొదలైంది. అందులో ఒక కాలేజీ కుర్రాడు బ్రెజిల్ నుంచి వచ్చిన మేనత్తనని ఆడవేషం వేస్తాడు, ముసలి మగవాళ్లు ఆస్తి కోసం వెంట పడతారు. లండన్‌లో 1,466 ఆటలు ఆడింది. ఇద్దరూ మగవాడికి కోక కట్టినారు. కానీ ఆ ఇంగ్లీషు కోక సరదాకు కట్టింది. మన కోక దేనికి కట్టినారో చెప్తా, అంతకుముందు ఒక చిక్కు విప్పాల.

ఆ రోజుల్లో స్టేజీ మీద ఆడవేషాలన్నీ మగవాళ్లవే గదా. సురభి కుటుంబాల్లో ఆడవాళ్లు వేసేవాళ్లు, అది వేరే కథ. అంటే కన్యాశుల్కంలో విధవ పిల్ల బుచ్చమ్మ మగవాడు. ఆమె తల్లి వెంకమ్మ మగవాడు. కోక కట్టిన శిష్యుడు గూడా మగవాడు. జనం బుచ్చమ్మను చూసి కన్నీళ్లు పెడతారు, శిష్యుణ్ణి చూసి పడీపడీ నవ్వుతారు. ఇద్దరిదీ ఒకే కోక, ఒకే పూత! మొదటిది నమ్మకం, రెండోది వేషం, ఆ గీత ఎక్కడ గీసినారో ఏ ప్రేక్షకుడికీ ఎవరూ చెప్పలేదు. ఆడవేషాలకు పేరుమోసిన నటుడు స్థానం నరసింహారావు మధురవాణిగా వేసేవారు. చివరి అంకంలో మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వస్తుంది. మగవాడు ఆడదై, ఆ ఆడది మగవాడై! తలలో ఎన్ని మడతలో చూడండి. మన తాడిపత్రిలో 1880లో పుట్టిన నటుడు బళ్లారి రాఘవ, ఆడపాత్రలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టినాడు. నేను ఆయన పక్షమే. బుచ్చమ్మగా నిజంగా ఒక అమ్మాయి నిలబడితే, పక్కన శిష్యుడి వేషం ఇంకా పదునుగా తెగుతుంది.

ఈ కీలు మనకు కొత్తది గూడా కాదు. ఈ కడప జిల్లాలోనే సురభి ఊర్లో 1885లో ఒక పెండ్లిలో ఆడిన నాటకంతో ఆ సమాజాలు పుట్టినాయి. ఏ నాటకం? 'కీచక వధ'. దాని కథేమిటి? ఒంటి మీద మదమెక్కిన మగవాడు ఒకడు, పరాయి ఆడమనిషి కావాలంటాడు. రాత్రి చీకట్లో పడక దగ్గరికి వస్తాడు. ద్రౌపది అనుకుని చెయ్యి వేస్తాడు. చెయ్యి భీముడి మీద పడుతుంది. చూసినారా, మళ్లీ మంచం! ఆడది అనుకున్నచోట మగవాడు. కీచకుడికీ లుబ్ధావధాన్లుకూ వల ఒకటే. ఒకచోట కీచకుడు మాంసపుముద్ద అయినాడు, ఇంకోచోట అవధాన్లు పోలీసుల పాలైనాడు. పెండ్లికూతుర్ని చంపినాడని కేసు. లేని పిల్లను చంపినాడట! పూజారి గవరయ్య ఆ పిల్ల దయ్యమని, సీసాలో బిగించినానని చెప్తాడు. కీచకుడి కథలో శవం ఉంది, నవ్వు లేదు. ఇక్కడ శవం లేదు, హత్య కేసు మాత్రం ఉంది.

ఆ కోక దేనికి కట్టినారన్నా గదా. అగ్నిహోత్రావధాన్లు తన చిన్నకూతురు సుబ్బిని ఈ లుబ్ధావధాన్లుకే అమ్మబోతాడు. పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే విధవ. రెండో కూతుర్నీ అదే గోతిలోకి తోస్తా ఉంటే, తల్లి వెంకమ్మ బావిలో దూకుతుంది. తీసి బతికిస్తారు. ఆమె తమ్ముడు కరటకశాస్త్రి, నేను ఈ పెండ్లి తప్పిస్తా అని అప్పుడు బయలుదేరతాడు. శిష్యుడికి కోక కట్టింది అందుకు.

నాకు చాలా ఏండ్లు ఇది పట్టలేదు. రామప్పంతులు వేసినా, తర్వాత లుబ్ధావధాన్లు వేసినా, పట్టలేదు. ఒకరోజు మా ఊరి బావి పూడుస్తా ఉంటే చూస్తా నిలబడినా. మా చిన్నప్పుడు ఆ బావిలో ఎవరెవరు దూకినారో ఆడవాళ్లు చెప్పుకునేవాళ్లు. పేర్లు చెప్పను. అప్పుడు తట్టింది, ఇంత నవ్వు నాటకం మొదలయ్యేది బావి గట్టు మీద గదా అని. ఆ మగపిల్లోడి స్థానంలో సుబ్బిని పెట్టి చూడండి. అదే పెండ్లి, అదే ముసలాయన, అవే రూపాయలు, అదే పురోహితుడు. మనం నవ్వగలమా? నవ్వలేం. గురజాడ దాన్ని అట్లనే చూపించి ఉంటే మన సీమవాళ్లం బాగా ఏడ్చి, ఇంటికి పోయి, సంబంధాలు అట్లనే మాట్లాడుకునేవాళ్లం. ఆయన పిల్లను తీసేసి పిల్లోణ్ణి పెట్టినాడు. సరుకు మార్చినాడు, బేరం మార్చలేదు. అప్పుడు జనం చూసింది బేరాన్ని. ఎంతకు, ఎవరికెంత ముడుతుంది, బ్రోకరు వాటా ఎంత, వయసు ఎంత తక్కువ చెప్పాల, మంత్రాలు ఎంత తొందరగా ముగించాల. ఆడపిల్ల ఉన్నంతసేపు మన కన్నీళ్లు అడ్డమొచ్చి ఈ లెక్కలు కనపడవు. అందుకే అంటా, ఫార్సు ఈ నాటకంలో కూరిన కారం కాదు. వంకాయే అది.

దీన్ని ఒప్పుకోనివాళ్లున్నారు. మధ్యలో నాటకం సాగుతుంది, పొడుగు ఎక్కువ అంటారు. నిజమే, పొడుగే. పూర్తిగా వేస్తే తెల్లారుతుంది, కోసి వేయాల్సిందే. నేను కోసినప్పుడల్లా ఏదో ఒక నరం తెగింది. ఒకసారి గవరయ్యను తీసేసినా. ఆట చప్పగా వచ్చింది. దయ్యం సీసా లేకపోతే, ఆ ఊరు అంత సులభంగా ఒక పిల్ల మాయమవడాన్ని ఎట్ల మింగిందో అర్థం కాదు.

చివరి అంకం గురించి ఒక్క మాట. సౌజన్యారావు పంతులు మంచివాడు, వకీలు, లుబ్ధావధాన్లు కేసు చూస్తున్నాడు. ఆయన రాగానే నాటకం నడక మారుతుంది, గమనించినారా? చాలామంది అది రచయిత లోపం అన్నారు. నేను ఒప్పుకోను. దాచుకునేది ఏమీ లేని మనిషి ఇంట్లో ఫార్సు నడవదు, అంతే. మంచం ఉంటుంది, కింద ఎవరూ ఉండరు. కానీ గురజాడ ఆయన్నూ వదల్లేదు. ఈయనకు సానిదాని మొహం చూడనని నియమం. మగవేషంలో వచ్చిన మధురవాణితో మర్యాదగా మాట్లాడతాడు, తెలిసినాక ఇరుకున పడతాడు. అవధాన్లును కాపాడే ఆధారం ఆమె చేతిలో ఉంది, దానికి ధర ఒక ముద్దు అంటుంది. పాపం, ఆ పెద్దమనిషికి ఎంత చెమట పట్టిందో! ఆయన సరేనంటాడు, ఆమె వద్దంటుంది. అక్కడ జనం నవ్వాలా వద్దా అని తడుముకుంటారు. ఆ తడుముకోవడం కోసమే నేను ఆ రంగాన్ని ఎప్పుడూ కోయను.

గిరీశం సంగతి మీరు అడగకముందే చెప్తా. తాను లేవదీసుకుపోయిన బుచ్చమ్మ దక్కదు, సౌజన్యారావు తలుపు మూసేసినాడు, అప్పుడు గిరీశం అనే చివరి మాట, 'డామిట్, కథ అడ్డంగా తిరిగింది'. దాన్ని విలన్ మాదిరి అరుస్తారు కొందరు. వద్దు. పొరక తప్పించుకున్నవాడు ఇప్పుడు ఎక్కడ దూరాలా అని చుట్టూ చూసుకుంటా అనాల. అక్కడ మంచం లేదు.

సరే, టైమయింది. ఒక చిన్న పని ఉంది మీతో. మా పిల్లలు ఈ మంచం రంగం మళ్లీ వేస్తున్నారు. నులక మంచం నాకొద్దు, ఒకసారి అయిన పరాభవం చాలు. మీ ఇండ్లల్లో పాత పట్టెమంచం ఎవరికైనా ఉందా? కోళ్లు అడుగున్నర ఎత్తన్నా ఉండాల, పట్టెలు గట్టిగా ఉండాల, కింద ఇద్దరు మగవాళ్లు పక్కపక్కన పట్టాల. మధురవాణి వేసే అమ్మాయి సన్నగానే ఉంటుంది, భయం లేదు. ఆటో బాడుగ మేమే పెట్టుకుంటాం, ఆటయినాక మళ్లీ తెచ్చి ఇస్తాం. ఉంటే వెళ్లేముందు నాకొక మాట చెప్పి పోండి.